ఒరెగాన్ ఓక్ వనాలకు నిప్పు కావాలి

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, విల్లామెట్ లోయ అంచుల్లో ఏపుగా పెరిగిన డగ్లస్ ఫర్ చెట్లను చూసినవారు అదంతా ఆది నుంచీ ఉన్న అడవే అనుకుంటారు. నిజానికి రెండు వందల ఏళ్ల కిందట ఆ లోయలో చాలా మేర ప్రెయిరీ గడ్డి నేలలు, వాటి మధ్య ఎడంగా ఓక్ చెట్లు ఉండేవి. కామస్ దుంపలు, ఓక్ కాయలు తిని బతికిన ఆ లోయ మూలవాసులు, కలపూయ ప్రజలు, వేసవి చివర గడ్డికి నిప్పుపెడుతూ ఆ నేలను అలా నిలుపుకున్నారు. మందపాటి బెరడున్న ఓక్ ఆ మంటకు తట్టుకునేది, ఫర్ మొలకలు మాడిపోయేవి. 1830లలో మలేరియా కలపూయల్లో చాలామందిని తుడిచిపెట్టింది. అమెరికా ప్రభుత్వంతో 1855లో కుదిరిన ఒప్పందం తర్వాత మిగిలినవారిని మూలవాసులకు కేటాయించిన గ్రాండ్ రోండ్ రిజర్వేషన్ ప్రాంతానికి తరలించారు. వలస వచ్చిన రైతులు నేల దున్నారు, మంటలు ఆపారు.

ఆ ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. చిక్కటి ఫర్ చెట్ల నడుమ, కొమ్మలు నలువైపులా అడ్డంగా చాచిన ముసలి ఓక్ ఒకటి ఎండి నిలబడి ఉంటుంది. ఆరుబయట ఎండలో పెరిగిన చెట్టుకు తప్ప అంత వెడల్పు రాదు. తర్వాత మొలిచిన ఫర్‌లు దాని నెత్తిన నీడ కమ్మి చంపేశాయి. అందుకే చెట్టు కొట్టకపోవడమే సంరక్షణ అన్న అభిప్రాయంతో నేను ఏకీభవించను. ఇక్కడ ఫర్‌లను నరకాలి, గడ్డిని కాల్చాలి.

అయితే ఎలా పడితే అలా కాల్చకూడదు. 1937 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న, ఈ గడ్డి నేలల్లో బతికే ఫెండర్స్ బ్లూ సీతాకోకచిలుక 1989లో మళ్లీ దొరికింది. దాని గొంగళిపురుగులు ప్రధానంగా కింకెయిడ్స్ లుపిన్ ఆకులు తిని, ఆ మొక్కల మొదళ్ల దగ్గరే చలికాలం గడుపుతాయి. మైదానమంతా ఒకేసారి కాలిస్తే అవీ బూడిదవుతాయి కాబట్టి ఏడాదికి కొంత మేర మాత్రమే కాలుస్తారు. ఈ ఓపిక ఫలించింది: 2000లో అంతరించే జాతుల జాబితాకెక్కిన ఆ నీలి రెక్కల జీవిని 2023లో ఒక మెట్టు తక్కువ ముప్పున్న వర్గానికి మార్చారు.

మన రోళ్లపాడులో బట్టమేక పిట్టకు ఆసరా ఇచ్చింది కూడా గడ్డి నేలే. అలాంటి నేలలను బంజరుగా లెక్కగట్టి మొక్కలు నాటే అలవాటు మనకూ ఉంది.

విల్లామెట్ లోయలో అత్యధిక భూమి ప్రైవేటు యజమానులది. కాబట్టి అభయారణ్యాలు మాత్రమే సరిపోవు. ద్రాక్షతోటల వారికి, పశువుల పెంపకందార్లకు ఏటేటా ఖర్చు భరించే సాయం అందాలి. ఎప్పుడు, ఎక్కడ నిప్పుపెట్టాలన్న నిర్ణయంలో గ్రాండ్ రోండ్, సిలెట్జ్ తెగల్లోని కలపూయ వారసులను సలహాదారులుగా పిలిస్తే చాలదు, అధికారం కూడా ఇవ్వాలి.