చేపకెందుకు సామీ సంపు?

నెల్లూరులో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు పునాది పోసేలోపే సంపు తవ్విస్తారు. మేస్త్రీ దొరికాడా, ఇటుక దిగిందా అన్నది తర్వాతి సంగతి. ఇంత ముందుచూపున్న పెద్దమనిషే నాలుగడుగుల గాజుతొట్టెలో ఉప్పునీళ్లు పోసి రెండు క్లౌన్ ఫిష్‌లు వదలాలనుకున్న రోజున మాత్రం "చేపకెందుకు సామీ సంపు?" అంటాడు.

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. తొట్టె సంపు అంటే పై నీళ్లు కిందికి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకెక్కే రెండో తొట్టె. అది స్టాండు లోపల, తలుపుల వెనక ఉంటుంది. చుట్టాలకు కనపడదు. నీళ్లలోని వ్యర్థాన్ని నురగగా బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్ సంగతి ఇంకా అన్యాయం, కనపడితే పరువే పోతుంది. దాని కప్పులో కాఫీ డికాషన్ రంగు రొచ్చు చేరుతుంది, మూత తీస్తే హాల్లో ఎవరూ కూర్చోలేరు. కనపడే నీలం లైటుకు ముప్పై వేలు, కనపడని ఫిల్టరుకు మూడు వేలు అనే మన బడ్జెట్ సూత్రం ఇక్కడే పుట్టింది.

ఈ సూత్రాన్ని నమ్మినవాళ్లకు మొదటి సిఫారసు, తొట్టె అంచుకు తగిలించే చిన్న ఫిల్టరు. ఒక స్పాంజి ముక్క, ఒక బొగ్గు పొట్లం, అంతే. గోల్డ్‌ఫిష్‌కు సరిపోయింది గనక సముద్రానికీ సరిపోవాలి, న్యాయం అందరికీ ఒకటే. కాస్త హోదా కావాలంటే క్యానిస్టర్ ఉంది. మూత బిగించిన బకెట్ లాంటిది, పని బాగానే చేస్తుంది. చిక్కంతా ఆ మూత తీయడంలోనే. మిగిలిన మేత, చేపల పెంట లోపలి స్పాంజిలో చిక్కుకుని అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతాయి. వారం పది రోజులకోసారి విప్పి, తొట్టెలోంచి తీసిన ఉప్పునీళ్లతోనే కడగాలి. మనవాళ్లు సంక్రాంతికి ఇల్లు కడిగేటప్పుడు దాన్ని కూడా కుళాయి కింద పెడతారు. ఇక కరెంటు నాలుగైదు గంటలు పోయిందా, మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి, చేపల వ్యర్థంలోంచి పుట్టే అమోనియా విషాన్ని విరిచే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మోటారు మళ్లీ తిరగ్గానే ఆ కుళ్లు నీళ్లు తిన్నగా తొట్టెలోకి వస్తాయి. అంటే చేపలకు గండం కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చినప్పుడు.

ఇవన్నీ ఈ జిల్లాకు చెప్పాల్సి రావడమే వింత. రొయ్యల గుంటల మీద బతికే ఊళ్లు ఎన్ని లేవు! తెల్లారకముందే గట్టు మీద నిలబడి ఆక్సిజన్ చూసుకుంటారు. మధ్యాహ్నం పీహెచ్ పెరిగితే ఉన్న అమోనియానే ఇంకా విషమవుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే మనిషిని ఇంట్లో తొట్టెకు అమోనియా కొలిచే కిట్ కొనమంటే "నీళ్లు తేటగానే ఉండాయి గదబ్బా" అంటాడు. అమోనియాకు రంగేదో ఉన్నట్టు!

పైగా గుంట దగ్గర మిగిలిన సరుకంతా తొట్టెకు ప్రసాదం. జియోలైట్ గుప్పెడు వేస్తారు. మంచినీళ్లలో అమోనియాను పట్టే ఆ రాయి, లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లలో సోడియంతోనే నిండిపోయి ఊరుకుంటుంది. బెల్లంతో పులియబెట్టిన ప్రోబయోటిక్ ఒక గ్లాసు పోస్తారు. గుంటలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతాయి, సరిపోతుంది. తొట్టెలో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లు కుడితిలా తెల్లబడతాయి, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి.

ఇంత చెప్పినా సంపే పెడతాం అనే మొండివాళ్లుంటే, వాళ్ల ఖర్మకు లెక్క ఇది. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెకు సుమారు 255 లీటర్లు. దాని కింద వంద లీటర్ల సంపు, మూడు అరలు. మొదటి అరలో నీళ్లు 200 మైక్రాన్ల గుడ్డసంచిలోంచి పడాలి. ఆ సంచి మూడు నాలుగు రోజులకోసారి మార్చకపోతే అదొక చిన్న క్యానిస్టర్. స్కిమ్మర్ కూడా అక్కడే, ఎందుకంటే అడ్డుగాజు వల్ల ఆ అరలో నీటిమట్టం కదలదు. మట్టం అంగుళం మారినా స్కిమ్మర్ అయితే అలుగుతుంది, లేకపోతే పొంగుతుంది. రెండో అరలో బ్యాక్టీరియా కాపురముండే రాళ్లు, కావాలంటే నైట్రేట్‌ను పీల్చుకునే కీటో అనే సముద్రపు నాచు. మూడో అరలో పైకి పంపే మోటారు.

గంటకు తొట్టె నీళ్లు నాలుగు సార్లు తిరిగితే చాలు, అంటే వెయ్యి లీటర్లు. డబ్బా మీద వెయ్యి అని రాసిన మోటారు తెస్తే నాలుగడుగుల ఎత్తుకు అందులో సగం ఎక్కితే గొప్ప. బోరు మోటారుకు 'హెడ్ ఎంత?' అని దుకాణదారుడి ప్రాణం తోడే మనిషి ఇక్కడ మాత్రం డబ్బా రంగు చూసి కొంటాడు. స్కిమ్మర్ విషయంలోనూ డబ్బాను నమ్మకూడదు. 500 లీటర్లకని రాసినదాన్ని చేపలు దండిగా ఉండే 250 లీటర్లకు పెట్టుకోవడం క్షేమం. చేపల వ్యర్థం అమోనియాగా మారకముందే బుడగలకు అంటించి బయటికి లాగేది అదొక్కటే, మిగతావి ఎక్కువగా మారిన తర్వాత సర్దుకునేవి. మొదటి వారం పది రోజులు అది సరిగ్గా నురగ పట్టదు. పాడైందని వెనక్కి ఇచ్చేయొద్దు.

నీళ్ల సంగతి. మైపాడు నుంచి క్యాన్లలో తెస్తే పోలా అనేవాళ్లకు, తీరంలోని రొయ్యల హ్యాచరీలే ఆ నీళ్లను ఇసకలో వడకట్టి, క్లోరిన్ కొట్టి, దాన్ని మళ్లీ విరిచి గానీ వాడవని గుర్తుచేయాలి. ఇంట్లో ఆర్వో పట్టుకుంటే, రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ బోరు నీళ్లను కొంచెం కలిపేస్తూనే ఉంటుంది. దాన్ని మూసి, చివర, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెజిన్ పెట్టి, మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి. ఎండాకాలం తగ్గిన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోసే ఆచారం ఒకటుంది. ఇసకపల్లి ఉప్పుమళ్లున్న జిల్లాలో, ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదని ఎవరికి చెప్పాలి?

గృహప్రవేశానికి మూఢం చూసేవాళ్లు చేపల గృహప్రవేశానికి బ్యాక్టీరియా కుదురుకునేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగితే బాగుంటుంది. ముహూర్తం కిట్టే చెబుతుంది, అమోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ ఎక్కి మళ్లీ సున్నాకు దిగిన రోజున.

అంతకంటే ముందు ఒక పని ఉంది. అన్నీ బిగించి నీళ్లు తిరుగుతుండగా మోటారు స్విచ్ ఆపి, పక్కనే నిలబడండి. పైపు మూతి నీళ్లలో ఎంత లోతున ఉంటే అంత నీళ్లూ వెనక్కి సంపులోకి దిగుతాయి. ఈ తొట్టెలో అంగుళానికి 14 లీటర్లు, మూడంగుళాలైతే 42. మూతిని అరంగుళం లోతుకు ఎత్తండి. నాన్ రిటర్న్ వాల్వు ఉందిలే అనుకోకండి, దాని రెక్క కింద ఇసక రవ్వ ఇరుక్కుంటే చాలు. నీళ్లు ఆగిన చోట సంపు అంచుకు ఇంకా రెండంగుళాలు మిగిలితే, మోటారు మళ్లీ వేసి, సంపు మూడో అరలో నీళ్లు నిలిచిన చోట మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపొద్దు. ఈ పరీక్ష మనం పెట్టకపోతే మే నెలలో రాత్రి రెండింటికి కరెంటే పెడుతుంది, గ్రానైట్ ఫ్లోరింగ్ మీద.