సురేఖా సిక్రీ అడిగింది పని

హిందీ సీరియల్ ‘బాలికా వధు’ మన మాటీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా వచ్చిన రోజుల్లో ఆ ఇంటి పెద్దావిడను తిట్టుకోని తెలుగు ఇల్లు లేదు. చిన్నపిల్ల ఆనందిని మనవడికి కట్టబెట్టి ఇంటిల్లిపాదినీ కంటిచూపుతో ఆడించిన నాయనమ్మ ఆమె. తెలుగులో వినిపించిన గొంతు డబ్బింగ్ కళాకారిణిది. మనల్ని హడలగొట్టిన ఆ చూపు, ఏళ్లు గడిచేకొద్దీ అదే ముఖంలో మెల్లగా కరిగిన మొండితనం మాత్రం సురేఖా సిక్రీవి.

ఆమె నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివి, అక్కడి నాటక బృందమైన రెపర్టరీలో పదేళ్లకు పైగా నాటకాలు ఆడారు. దూరదర్శన్‌లో 1988లో వచ్చిన ‘తమస్’కు, తర్వాత శ్యామ్ బెనెగల్ ‘మమ్మో’కు, 2018 నాటి ‘బధాయీ హో’కు ఉత్తమ సహాయ నటిగా జాతీయ అవార్డులు అందుకున్నారు. ఈ మూడో సినిమాలో పెళ్లింట్లో ఒక సన్నివేశం ఉంది. లేటు వయసులో గర్భం దాల్చిన కోడలిని బంధువులు చులకనగా మాట్లాడుతుంటే, అంతదాకా ఆ కోడలిని సాధించిన అత్తే, అంటే సురేఖ పాత్రే, లేచి, తాను మంచాన పడ్డప్పుడు సేవ చేసింది ఎవరో చెప్పి అందరి నోళ్లూ మూయిస్తుంది. సినిమా మొత్తానికి గుండెకాయ ఆ నాలుగు నిమిషాలే అని మేము నమ్ముతాం. సహాయ పాత్ర అన్న పేరే ఆ పనికి చిన్నది.

2019 డిసెంబరులో, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా ఆమె చక్రాల కుర్చీలోనే ఆ అవార్డు తీసుకున్నారు. అప్పటికే ఒకసారి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే కరోనా నిబంధనల పేరుతో మహారాష్ట్ర ప్రభుత్వం 65 ఏళ్లు దాటినవారిని షూటింగులకు రానివ్వొద్దంది. మందుల ఖర్చులున్నాయి, ఇంట్లోవాళ్లకు భారం కాలేను, నాకు దానం వద్దు, పని కావాలని ఆమె బహిరంగంగానే చెప్పారు. ఆ నిబంధనను 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. సెప్టెంబరులో మళ్లీ స్ట్రోక్ వచ్చింది. 2021 జులై 16న 76 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

మమ్మల్ని బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆమెను సెట్‌లోకి రావద్దన్న ఆ లాక్‌డౌన్ కాలంలోనే కలర్స్ చానల్ ‘బాలికా వధు’ను మళ్లీ ప్రసారం చేసింది. నటించే మనిషి ఇంట్లో ఖాళీగా ఉంటే, ఆమె పాత నటన చానల్‌కు ప్రకటనలు తెచ్చిపెట్టింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శనను వాణిజ్యానికి వాడుకుంటే కళాకారులకు రాయల్టీ దక్కాలని రాశారు. నటీనటుల విషయంలో అది కాగితం దాటి రాలేదు. రోజు లెక్కన డబ్బు తీసుకునే సహాయ నటికి రీ-రన్‌లోనూ డబ్బింగ్ అమ్మకంలోనూ వాటా అడిగే బలం ఎక్కడిది? అడిగితే రేపటి ఎపిసోడ్‌లో పాత్రనే చంపేస్తారన్న భయం.

కాబట్టి అడగాల్సింది సంఘాలు. హైదరాబాద్‌లో తీసే సీరియళ్లు కూడా ఇప్పుడు చానల్‌లో ఒకసారి వచ్చి ఆగడం లేదు. ఓటీటీలో ఉంటున్నాయి, పక్క భాషలకు వెళ్తున్నాయి. మళ్లీ వేసినా, డబ్ చేసినా ప్రతి నటికీ ఇంత శాతం అని ఒప్పందంలోనే ఉండాలి. తెలుగు టీవీ కళాకారుల సంఘాలు, నిర్మాతలు తర్వాతి వేతన చర్చల్లో ముందుగా తేల్చాల్సిన విషయం ఇదే.