సవరణ: సారటోగాలో సేనాధిపతి వాషింగ్టన్ కాదు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి రాసిన గత పోస్టులో, 1777లో న్యూయార్క్ ప్రాంతంలోని సారటోగా దగ్గర బ్రిటిష్ వారిపై గెలిచిన అమెరికన్ సేనను జార్జ్ వాషింగ్టన్ నడిపించారని రాశాను. అది తప్పు, క్షమించండి. అక్కడి సేనాధిపతి హొరేషియో గేట్స్. వాషింగ్టన్ అప్పుడు పెన్సిల్వేనియాలో వరుసగా ఓడిపోతున్నారు. సారటోగాలో ప్రాణాలకు తెగించి పోరాడి కాలికి గాయమైన బెనెడిక్ట్ ఆర్నాల్డ్ పేరు కూడా వదిలేశాను. తర్వాత ఆయన బ్రిటన్ పక్షం చేరినా, ఆ రోజు చేసింది చిన్న పని కాదు.

సారటోగా గెలుపు వల్లే ఫ్రాన్స్‌కు నమ్మకం కుదిరి, 1778 ఫిబ్రవరిలో అమెరికన్లతో ఒప్పందం చేసుకుందన్న మాటలో మార్పు లేదు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర, చివరికి లొంగిపోయిన బ్రిటిష్ సేనాధిపతి కార్న్‌వాలిస్‌కు సముద్రం వైపు దారి మూసింది ఫ్రెంచి నౌకాదళమే.

ఇంకొకటి, యార్క్‌టౌన్‌తోనే యుద్ధం ముగిసిందన్నాను. నిజానికి యుద్ధాన్ని అధికారికంగా ముగించిన పారిస్ ఒప్పందం 1783 సెప్టెంబర్ 3న జరిగింది.