ఫ్రిజ్ కింద పెప్పర్ సూప్

నైజీరియాలోని లాగోస్‌లో క్యాట్‌ఫిష్ కొనే పద్ధతికి 'పాయింట్ అండ్ కిల్' అని పేరు. తొట్టిలో ఈదే చేపల్లో నచ్చినదాన్ని మనం వేలు పెట్టి చూపిస్తే చాలు, మిగతాది అమ్మేవాళ్లు చూసుకుంటారు. మావారు వేలు చూపించి, మిగతాది వద్దన్నారు. ప్రాణంతో తెచ్చి అప్పటికప్పుడు కోసి వండితేనే రుచి అని ఆయన సిద్ధాంతం. బొద్దింక కనబడితే మంచమెక్కే మనిషి ఈ సిద్ధాంతాన్ని ఎక్కడ సంపాదించారో మరి!

ఈ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మన దేశంలో పెంచడం నిషిద్ధం. మన చేపలను బతకనివ్వదని. "నిషేధించారంటే అందులో ఏదో విశేషం ఉండే ఉంటుంది" అన్నారు మావారు. ఉంది. మొప్పలతో పాటు దానికి గాలి పీల్చే అవయవం కూడా ఉంటుంది. థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో, ప్లాస్టిక్ సంచిలో ఉక్కిరిబిక్కిరై వచ్చినా, ఇల్లు చేరేసరికి ఇద్దరిలో అదే హుషారుగా ఉంది. సింకులో వేయగానే ఎగిరి నేల మీద పడింది. మీసాలు ఊపుకుంటూ, మెలికలు తిరుగుతూ వెళ్లి ఫ్రిజ్ కింద దూరింది. మావారు బల్ల ఎక్కారు.

"కాళ్లు లేని జీవమండీ, దిగండి."

"ముళ్లున్నాయి దానికి" అన్నారు పైనుంచే.

చప్పుడు విని ఎదురింటి ఇగ్బో తెగ ఆవిడ వచ్చి, "సారీ ఓ!" అన్నారు. నైజీరియాలో మనం తుమ్మినా, తడబడినా ఎదుటివాళ్లు సారీ చెబుతారు. తప్పు వాళ్లదని కాదు, సానుభూతి. చీపురు కర్రతో చేపను ఇవతలికి లాగి, తల మీద ఒక్కటి వేసి, ఉప్పూ వేడినీళ్లతో జిగురంతా కడిగి, ముక్కలు కోసేదాకా ఆవిడ సారీ చెబుతూనే ఉన్నారు. చేపకో, మావారికో తెలియలేదు.

ఇక వంట, అంటే పెప్పర్ సూప్. చింతపండు లేదు, నూనె లేదు. పలచటి చారులో వేయించి దంచిన ఎహురు గింజలు, మిరియాల జాతి ఉజీజా గింజలు, నల్లటి ఉడా కాయలు, ఎండు రొయ్యల పొడి. కారానికి అటారోడో మిరపకాయలు. పరువు దక్కించుకోవడానికి మావారు బల్ల దిగి, ఆ శాఖ తాను తీసుకున్నారు. అటారోడో చూడటానికి బుల్లి గుమ్మడికాయలా ఉంటుంది, వాసన చూస్తే పండు. "రెండు చాలు" అన్నారావిడ. "తెనాలి వాడికి కారం గురించి చెప్పేదేమిటి?" అని మావారు గుప్పెడు వేశారు. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం దాదాపు 40,000 దగ్గర ఆగిపోతుంది. అటారోడో జాతి మొదలయ్యేదే 1,00,000 నుంచి.

మిక్సీ మూత తీయగానే ముగ్గురం తుమ్మాం. మూడు సారీలు.

గరిటె పెట్టబోతే ఆవిడ మావారి చెయ్యి పట్టుకుని ఆపారు. ముక్క విరగకుండా గిన్నెనే రెండు చేతులతో పట్టుకుని తిప్పారు. మా అత్తగారు చేపల పులుసు చేసేదీ ఇలాగే, కాబట్టి మావారు ఎదురు చెప్పలేదు. చివర్లో తులసి జాతికే చెందిన సెంట్ లీఫ్ తుంచి వేస్తుంటే మాత్రం, ఈ సంగతి ఊళ్లో అమ్మకు చెప్పవద్దని నాకు కళ్లతోనే సైగ చేశారు.

ఆవిడ రుచి చూసి, "ఇప్పుడు బాగా కుదిరింది" అన్నారు. మావారు ఒక్క చెంచా తాగారు. చెవులు ఎర్రబడ్డాయి, మాట పడిపోయింది. ఆవిడ సారీ అన్నారు. మంచినీళ్లు తాగితే మంట ఇంకా పెరిగింది. మళ్లీ సారీ. అప్పుడు మావారు లేచి ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె తెచ్చి, నేరుగా పెప్పర్ సూప్‌లో కుమ్మరించుకున్నారు.

ఆవిడ చెంచా కింద పెట్టారు. ఆ గిన్నెనూ మావారినీ మార్చి మార్చి చూసి, తన గిన్నె చేత్తో పట్టుకుని, సారీ అనకుండానే వెళ్లిపోయారు.

"కాస్త అన్నం ఉందా?" అన్నారు మావారు.