తాకట్టు ఆవును అమ్మితే ఆ డబ్బు ఎవరికి ముందు చేరాలి?

మొన్న ఎండాకాలంలో మా చిన్నాయన పలమనేరు సంతలో రెండో ఈత హెచ్‌ఎఫ్ (సీమజాతి పాడి) ఆవును 58 వేలకు అమ్మేశాడు. బోరు ఎండిపోయింది, మేత కొనలేక అమ్మాడు. కొన్నాయన ముళబాగిలు వైపు మనిషి. ఆయన నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడో లేదో, చెట్టు కింద కాచుకుని ఉన్న దాణా అంగడాయన వచ్చి తన బాకీ 17 వేలు తీసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి వడ్డీకి ఇచ్చినాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మిగిలింది డ్వాక్రా కంతుకూ ఇంటి ఖర్చుకూ పోయింది. అసలు ఆ ఆవును కొనడానికి అప్పిచ్చిన బ్యాంకుకు ఒక్క రూపాయి ముట్టలేదు.

రెండు నెలల తర్వాత బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు వచ్చి ఖాళీ కొట్టం చూసి, హైపోథికేషన్‌లో ఉన్న ఆవును అమ్మడం నేరం, కేసు పెడతాం అన్నాడు. ఆ రాత్రి చిన్నాయన అన్నం ముట్టలేదు.

ముందు ఆ కేసు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క మాటకే చాలామంది రైతులు టెన్షన్‌తో సగం చస్తున్నారు. నగలు తాకట్టు పెడితే అవి బ్యాంకు లాకర్‌లో ఉంటాయి. హైపోథికేషన్‌లో అలా కాదు, ఆవు మన కొట్టంలోనే ఉంటుంది, యజమాని మనమే, బ్యాంకుకు దాని మీద హక్కు మాత్రం ఉంటుంది. 1996లో డంకన్స్ ఆగ్రో కేసులో సుప్రీంకోర్టు ఇదే తేడా చూపింది: ఇలాంటి సరుకును బ్యాంకు తనదిగా మనకు అప్పగించినట్టు కాదు కాబట్టి, దాన్ని అమ్మినంత మాత్రాన నమ్మకద్రోహం నేరం కాదు. మొదటి నుంచీ మోసం చేయాలనే అప్పు తీసుకుంటే అది వేరే సంగతి. బాకీ ఎలాగూ పోదు, కట్టాల్సిందే. కానీ మేత లేక ఆవును అమ్ముకున్న మనిషిని జైలు పేరు చెప్పి బెదిరించడం తప్పు.

నాకు అసలు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఒకే ఆవు మీద వచ్చే డబ్బుకు మన దగ్గర మూడు వరసలు నడుస్తున్నాయి. పాలు పోస్తే పది రోజులకో పదిహేను రోజులకో వచ్చే బిల్లులో పాల కేంద్రం వాళ్లు దాణా బాకీ ముందే పట్టుకుంటారు. బ్యాంకుతో ఒప్పందం ఉన్నచోట కంతు కూడా అందులోనే కోస్తారు. ఆవు చచ్చిపోతే, ట్యాగ్ ఉన్న చెవిని చూపిస్తేనే ఇన్సూరెన్స్ క్లెయిమ్, ఆ డబ్బు పాలసీలో పేరున్న బ్యాంకుకు ముందు పోతుంది. అదే ఆవును బతికుండగా సంతలో అమ్మితే మాత్రం ఎవరు దగ్గర నిలబడితే వాళ్లదే డబ్బు, బ్యాంకు అందరికంటే చివర.

కాగితం మీద వరస ఇందుకు పూర్తిగా తలకిందులు. 1912 నాటి సహకార సంఘాల చట్టంలోనే, సొసైటీ అప్పుతో కొన్న పశువు మీద మిగతా అప్పులోళ్ల కంటే ముందు సొసైటీకే హక్కు అని రాశారు. వడ్డీ వ్యాపారి కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకున్నా, రైతు బతుకుతెరువుకు కావాల్సిన పశువులను జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అడ్డుపడుతుంది. అంటే కోర్టులో ఆఖరున ఉండాల్సిన మనిషి సంతలో ముందున్నాడు. ఇక కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకుల చేతిలో ఉన్న సర్ఫేసీ చట్టం లక్ష లోపు అప్పులకు వర్తించదు, కాబట్టి ఒకట్రెండు ఆవుల లోన్‌కు అది చాలాసార్లు పనికే రాదు. చివరికి వాళ్లకు మిగిలేది బెదిరింపే.

మరి కొన్నాయన సంగతి? ఆయనకు ఆ ఆవు మీద లోన్ ఉందని తెలిసే దారే లేదు. ట్రాక్టర్ కొంటే ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని ఉంటుంది, ఎవరైనా చూసి జాగ్రత్తపడతారు. ఆవుకు అలాంటిది లేదు. అమెరికాలోనూ ఒకప్పుడు పశువులు కొన్నవాళ్లు రైతుకు ఒకసారి, అతని బ్యాంకుకు ఇంకోసారి డబ్బు కట్టాల్సి వచ్చేది. 1985లో అక్కడ ఫుడ్ సెక్యూరిటీ యాక్ట్‌తో దాన్ని మార్చారు. బ్యాంకు హక్కు గురించి ముందుగా పద్ధతి ప్రకారం తెలియజేయకపోతే కొన్నవాడికి ఏ బాధ్యతా లేదు, తెలియజేస్తే మాత్రం చెక్కు రైతు పేరూ బ్యాంకు పేరూ కలిపి రాస్తారు.

మన ఆవుల చెవులకు ఇప్పుడు 12 అంకెల నంబరుతో పసుపు ట్యాగ్ ఉంది, ఆ నంబరు భారత్ పశుధన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో యజమాని పేరుతో సహా ఎక్కుతోంది. దాని పక్కన లోన్ ఉందా లేదా అన్న ఒక్క గడి చేరిస్తే చాలు, సంతలో ఫోన్‌లో చూసుకుని కొంటారు. అమ్మిన డబ్బులో ఆవును కొనిచ్చిన అప్పు ముందు, ఆ ఆవు తిన్న దాణా బాకీ ఆ తర్వాత, ఊరి వడ్డీ చివర అని ఒక వరస పెట్టాలి. దాణా అంగడాయన మీద నాకు కోపం లేదు, ఆయన అరువివ్వకపోతే ఆ ఆవు ఎండాకాలం దాకా నిలిచేదే కాదు. కానీ వీళ్లందరి కంటే ముందు, మళ్లీ ఒక పెయ్యను కొనుక్కునేంత డబ్బు రైతు చేతిలో ఉంచాలి. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా హామీ లేకుండా రైతులకు అప్పులివ్వమని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ అప్పు తీరాలంటే కొట్టంలో పశువు ఉండాలి కదా.

ఆ ఆవు ఈనిన పెయ్యదూడ చిన్నాయన దగ్గరే ఉంది. ఫీల్డ్ ఆఫీసరు పోతూ పోతూ దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు. చిన్నాయన దానికింకా ట్యాగ్ వేయించలేదు, వేయిస్తే తీసుకుపోతారేమోనని.