48 గుండ్లు అయిపోయాక వజ్ర ఏం చేస్తుంది?

గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ వీపుకెత్తుకునే టిక్కీ (మిర్చి బస్తా) ఇంచుమించు 40-45 కిలోలుంటుంది. 155 మి.మీ. ఫిరంగి గుండు బరువూ దగ్గర దగ్గర అంతే, రకాన్ని బట్టి 43 నుంచి 48 కిలోలు. మన సైన్యం వాడే, చైన్ల మీద తనంతట తానే నడిచే ఫిరంగి కే9 వజ్ర మీద మన టీవీల్లో, యూట్యూబుల్లో నడిచే చర్చ మాత్రం "40 కిలోమీటర్లు కొడుతుంది" దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. గుండు బరువు సంగతి ఎవరూ ఎత్తరు.

దక్షిణ కొరియా కంపెనీ హన్వా డిజైన్ చేసిన ఈ ఫిరంగిని గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేస్తోంది. 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం మొదటి 100 ఫిరంగులు 2021 ఫిబ్రవరికల్లా సైన్యానికి అందాయి. 2024 డిసెంబరులో రూ.7,628.70 కోట్లతో రెండో ఒప్పందం జరిగింది. ముందు రాజస్థాన్ ఎడారి కోసమని కొన్నవాటిలో కొన్ని తర్వాత లడఖ్ కూడా ఎక్కాయి.

దూరం సంగతి ముందు తేల్చేద్దాం. బ్యారెల్ పొడవు 52 కాలిబర్లు. అంటే గొట్టం లోపలి వ్యాసం 155 మి.మీ.కు 52 రెట్లు, 8 మీటర్ల పైచిలుకు. మన పాత బోఫోర్స్‌ది 39 కాలిబర్లే. గొట్టం పొడుగ్గా ఉంటే పేలుడు మందు మండి పుట్టే వాయువు గుండును ఎక్కువసేపు నెడుతుంది. నిండు ఛార్జి, అంటే పూర్తి మోతాదు మందు వేస్తే గుండు సెకనుకు 900 మీటర్లకు పైగా వేగంతో బయటపడుతుంది. ఆ వేగంతో ప్రకాశం బ్యారేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి సెకనున్నర కూడా పట్టదు. గుండు అడుగున మెల్లగా మండుతూ వెనక ఏర్పడే ఖాళీని వాయువుతో నింపే బేస్ బ్లీడ్ పెడితే గాలి వెనక్కి లాగడం తగ్గుతుంది. అలా 38-40 కిలోమీటర్లు వస్తుంది. బ్యారేజీ నుంచి గుంటూరు గగనమార్గాన 30 కిలోమీటర్ల లోపే.

అయితే బయటపడే వేగంలో సెకనుకు ఒక్క మీటరు తేడా వచ్చినా అంత దూరంలో గుండు పదుల మీటర్లు ముందో వెనకో పడుతుంది. మందు సంచి మే నెల ఎండలో కాగితే వేగం పెరుగుతుంది. బ్యారెల్ లోపలి గాట్లు అరిగితే తగ్గుతుంది. అందుకే మందు ఉష్ణోగ్రత, గాలి, బ్యారెల్ అరుగుదల అన్నీ కంప్యూటర్‌కు అందాలి. ఏ ఒక్క అంకె తప్పినా ఫిరంగి నిక్షేపంగా పేలుతుంది, గుండు మాత్రం పక్క పొలంలో పడుతుంది.

ఇక లెక్కకు వద్దాం. వజ్రలో పట్టేవి 48 గుండ్లు. అవసరమైతే మొదటి మూడు గుండ్లు 15 సెకన్లలో వెళ్తాయి. లేదంటే నిమిషానికి ఆరు చొప్పున మూడు నిమిషాలు కాల్చవచ్చు. ఆపైన నిమిషానికి రెండో మూడో. ఇందులో మొహమాటానికి తావు లేదు. కాగిన బ్యారెల్లో మందు పెట్టి ఆలస్యం చేస్తే ట్రిగ్గర్ నొక్కకుండానే అంటుకోవచ్చు. మూడు నిమిషాల్లో 18 పోతాయి. మిగిలిన 30 నిమిషానికి రెండు చొప్పున పావుగంట. అంటే పట్టుమని ఇరవై నిమిషాలు తిరక్కుండానే దాదాపు 50 టన్నుల యంత్రం ఖాళీ.

మళ్లీ నింపాలంటే? 48 గుండ్లంటే రెండు టన్నుల పైమాటే. మందు ఛార్జీలు వేరే. లోపల అరలోని గుండును రామర్ అనే యంత్రం దానంతటదే బ్యారెల్లోకి తోస్తుంది కానీ మందు ఛార్జీ మనిషే చేత్తో పెట్టాలి. బయటి నుంచి లోపలికి చేర్చడమూ చేతుల మీదుగానే అయితే కాల్చి అలిసిపోయిన ఐదుగురు సిబ్బందికి అది యార్డు కూలీ పనే. దీనికి కొరియా వాళ్లు కే10 అనే తోడు బండి చేశారు. అదీ కే9 చట్రం మీదే. 104 గుండ్లు మోసుకొచ్చి ఫిరంగి వెనక ఆనుకుని నిలబడి, కన్వేయర్ మీద లోపలికి పంపుతుంది. సిబ్బంది కవచం దాటి బయటికి రానక్కర్లేదు. వజ్ర కొనుగోలు వార్త వచ్చినప్పుడు ఫిరంగులెన్ని అని కాదు, తోడు బండ్లెన్ని అని అడగాలని నా అభిప్రాయం. 18 ఫిరంగుల రెజిమెంటు ఒక్కసారి కడుపు నింపుకోవాలంటే 864 గుండ్లు, సుమారు 39 టన్నులు. మందు డబ్బాలు, ఫ్యూజులు వదిలేసినా మన పది టైర్ల లారీలు మూడు కావాలి.

అంత తొందర దేనికంటే, రాడార్ వల్ల. ఎదుటివాడి రాడార్ పైకి లేచే గుండును పట్టుకుని దారి వెనక్కి లెక్కేసి ఫిరంగి ఎక్కడుందో చెబుతుంది. మన స్వాతి రాడార్ పనీ అదే. జవాబు గుండు గాల్లో ఉండేది నిమిషం, నిమిషంన్నర. వజ్ర నిలిచి ఉంటే అరనిమిషంలో, నడుస్తుంటే ఆగి నిమిషంలో కాల్చి, చకచకా కదిలిపోగలదు. నేలలో కాళ్లు పాతే పని లేదు. కాల్చినప్పటి వెనుదెబ్బను దాని బరువు, నూనె, వాయువు ఒత్తిడితో పనిచేసే హైడ్రోన్యూమాటిక్ సస్పెన్షన్ తట్టుకుంటాయి. లాక్కెళ్లే ఫిరంగికి లేని సుఖం ఇదే.

ఈ సుఖానికి ఖరీదుంది. చైన్ పొక్లెయిన్ నడిపేవాళ్లనడగండి, చైనూ రోలర్లూ ఎంత త్వరగా అరుగుతాయో చెబుతారు. ఊరు దాటించాలంటే మిషన్‌ను ట్రైలర్ ఎక్కించేదీ అందుకే. వెయ్యి హార్స్‌పవర్ జర్మన్ ఎంటీయూ ఇంజినుతో వజ్ర గంటకు 67 కిలోమీటర్లు పోగలదు. అయినా దూరప్రయాణాలకు రైలో ట్రైలరో తప్పదు. పైగా లడఖ్ ఎత్తుల్లో గాలి పలచబడి గుండు ఇంకాస్త దూరం పోతుంది, ఇంజిను మాత్రం ఆయాసపడుతుంది.

కాగితం మీది అంకెలు యుద్ధంలో ఏమవుతాయో 2010 నవంబరు 23న దక్షిణ కొరియా యోన్‌ప్యోంగ్ దీవిలో తేలింది. ఉత్తర కొరియా గుండ్ల వాన కురిపించినప్పుడు అక్కడ ఆరు కే9లున్నాయి. ఒకదాంట్లో ఆ రోజు అభ్యాసంలోనే గుండు ఇరుక్కుపోయింది. రెండింటి ఎలక్ట్రానిక్స్ పక్కన పడ్డ గుండ్లకు దెబ్బతిన్నాయి. మొదట ఎదురు కాల్చినవి మూడే, అదీ 13 నిమిషాల తర్వాత. కవచం చీలలేదు. లోపలి వైర్లు, బోర్డులు తట్టుకోలేదు.

ఇప్పుడు పైనుంచి డ్రోన్ వచ్చి పడింది. కే9 కవచం గుండు ముక్కలను, 14.5 మి.మీ. తూటాలను ఆపడానికి చేసింది. పోలండ్ క్రాబ్ ఫిరంగి కింది సగం కే9 చట్రమే, పైది బ్రిటిష్ టరెట్. ఉక్రెయిన్‌లో ఆ క్రాబ్‌లను రష్యా లాన్సెట్ డ్రోన్లు వెతికి మరీ కొట్టాయి. కాల్చి పారిపోవడం గుండు నుంచి కాపాడుతుంది, వెంటపడే డ్రోన్ నుంచి కాదు. ఇక నిలబడి రెండు టన్నుల గుండ్లు చేత్తో ఎక్కించుకుంటున్న బండిని కొట్టడానికి డ్రోన్‌కు వెంటపడే పని కూడా ఉండదు.