తినని పాము, ఊరుకోని అక్క

నాగుల చవితి మర్నాడు విజయనగరంలో మా ఇంటి హాల్లో జరిగిన వాదన ఇది. మా బావమరిది తెచ్చిన బాల్ పైథాన్ (ఓ రకం కొండచిలువ) పిల్ల, జానెడున్నర పొడవు, వచ్చి ఆరు రోజులైనా మెతుకు ముట్టలేదు. (మెతుకంటే ఎలుక పిల్ల.) ఎలాగైనా తినిపించాలని మా ఆవిడ, ఆగాలని వాడు. నేను మధ్యవర్తిని, అంటే టీవీ కట్టేసి కూర్చున్నవాణ్ణి.

అక్క: ముందు ఒకటి చెప్పు. ఫారెస్టు వాళ్లు గుమ్మంలోకి రారు కదా?

తమ్ముడు: రారక్కా. మన పాముల్ని, జెర్రిపోతునైనా సరే, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇది ఆఫ్రికా జాతి. చట్టానికి 2022లో సవరణ వచ్చాక ఇలాంటివాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేయించాను, కాగితం బీరువాలో ఉంది.

అక్క: సరే. ఈ ఇంట్లో చీమ కూడా పస్తుండదు. ఆరు రోజులుగా ఓ ప్రాణి ఖాళీ కడుపుతో పడుంటే నాకు అన్నం సహించట్లేదురా.

తమ్ముడు: దాని లెక్క వేరు. ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి అది తిండి ఖర్చు పెట్టదు. వారానికోసారి తింటే చాలు. పెద్దవైతే నెలల తరబడి తినకపోయినా బాగానే ఉంటాయి.

అక్క: పెద్దవాటి పేరు చెప్పి పిల్లని ఎండగట్టకు. నాన్న పెయ్యకి వెదురు గొట్టంతో గంజి పట్టేవారు కాదా? అలాగే నోరు తెరిచి పెట్టెయ్.

తమ్ముడు: అమ్మో, వద్దు. బలవంతంగా నోరు తెరిస్తే దవడకో గొంతుకో దెబ్బ తగులుతుంది. లోపలికి వెళ్లినా భయంతో కక్కేస్తుంది. కక్కితే పొట్ట కుదుటపడేదాకా పది, పదిహేను రోజులు మళ్లీ ఏమీ పెట్టకూడదు. అది ఆఖరి మార్గం. అదీ పాముల వైద్యం తెలిసిన డాక్టరు చెయ్యాలి.

అక్క: ఎప్పటిదాకా ఆగుతావు మరి?

తమ్ముడు: తూకం చెబుతుంది. వచ్చిన రోజు 78 గ్రాములు, నిన్న 76. పదో వంతు తగ్గి 70కి వచ్చిందంటే డాక్టరు దగ్గరికే.

అక్క: దేని మీద తూచావు?

(ఇక్కడ పావుగంట సేపు వంటింటి కాటా గురించి నడిచింది. వదిలేస్తున్నాను.)

అక్క: పాలు పెట్టమంటానేమోనని లోపల నవ్వుకుంటున్నావు కదూ? నిన్న పుట్టలో పోశాను, అది నా మొక్కు. పాము పాలు తాగదని నాకూ తెలుసు. నేనడిగేది వేరు. మానాపురం సంతలో కొన్న ఆవు మన సాలలోకి వచ్చిన రోజు గడ్డి ముట్టేది కాదు. నాన్న ఏం చేసేవారు?

తమ్ముడు: ఓ మూల కట్టేసి, ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. అదే కదా నేనూ అంటున్నది! వారం రోజులు ముట్టుకోకూడదు...

అక్క: ఎవరు ముట్టుకోలేదు? రోజుకి నాలుగుసార్లు మూత తీసేదెవరు? మొన్న నీ స్నేహితులంతా చేతుల మీద పాకించుకుని ఫొటోలు దిగలేదూ? తొట్టె పెట్టింది టీవీ పక్కన. నేల అదిరితే దానికి తెలుస్తుందని నువ్వే చెప్పావు. మీ బావ క్రికెట్ పెడితే మన గోడలే అదురుతాయి.

(ఇది నాకు తగిలింది.)

తమ్ముడు: వేడి మాత్రం సరిగ్గానే ఉంది. 32 డిగ్రీలు.

అక్క: ఆ మీటరు అద్దానికి పైనెక్కడో అంటించావు. పాము పడుకునేది కింద.

తమ్ముడు: (తీగ కిందికి దింపి చూసి, కాసేపాగి) 27. వెచ్చని మూల 31 నుంచి 33 దాకా ఉండాలి. ఈ చలికి తిన్నా అరిగేది కాదు.

అక్క: అమ్మినవాడి దగ్గర ఏం తినేది?

తమ్ముడు: బతికున్న ఎలుక పిల్లని. నేను గడ్డకట్టించినది కరిగించి పెట్టాను. బతికున్నది పెట్టను. పాము పట్టించుకోకపోతే ఎలుకే దాన్ని కొరుకుతుంది.

అక్క: బతికున్నది పెట్టమనలేదు. కరిగించాక వెచ్చబెట్టావా?

తమ్ముడు: ...లేదు.

అక్క: పెదవుల మీది గుంటలతో వేడిని పసిగట్టి వేటాడుతుందని నాకు పాఠం చెప్పావు. చల్లటి ఎలుక ఎదురుగా పెట్టి తినలేదంటావేంటి?

తమ్ముడు: సరే. వేడినీళ్లలో ఉంచి, తుడిచి, చీకటి పడ్డాక పొడవాటి పటకారుతో చూపిస్తాను. పట్టకపోతే అక్కడే వదిలేసి, పొద్దున తీసేస్తాను. తొట్టె ఈ రోజే వెనక గదిలోకి మారుస్తాను. కానీ ఎలుక మాత్రం వేడి కుదిరాక, ఇంకో నాలుగు రోజులాగి. అందులో నేను తగ్గను.

అక్క: నాలుగంటే నాలుగే. దాక్కోవడానికి ఏముంది?

తమ్ముడు: ప్లాస్టిక్ డబ్బా. పెద్దదే.

అక్క: పెద్దదెందుకు? ఒళ్లు ఆనాలి దానికి. నిన్నటి కొబ్బరిచిప్పలు రెండున్నాయి. అంచు కాస్త కొట్టి బోర్లించు, వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి.

(చిమ్మిలి తింటూ నేను చిప్పలు నున్నగా చేశాను. ఇంతలో మా ఆవిడకి కార్తీక మాసం గుర్తొచ్చింది.)

అక్క: ఒరేయ్. గడ్డకట్టించినది అన్నావు. ఎక్కడ గడ్డకట్టింది?

తమ్ముడు: ...ఐస్‌క్రీమ్ డబ్బాలో, అక్కా. బఠానీల వెనకాల.

(ఆ డబ్బా నేను రెండుసార్లు తెరవబోయాను.)